వరద బులెటిన్ కూడా ఇంగ్లిషు పాఠమే

వార్త, రైళ్ల టైమ్‌టేబుల్, దరఖాస్తు ఫారం, రేడియో బులెటిన్ వంటివి భాష నేర్పడానికి పుట్టినవి కావు. లోకవ్యవహారం కోసం పుట్టినవి. వాటినే తరగతిలోకి తెస్తే సహజ పాఠ్యసామగ్రి అంటారు. పాఠం కోసం అల్లిన కృత్రిమ వాక్యాల కంటే సహజ రచనలే మేలని బ్రిటిష్ భాషావేత్త హెన్రీ స్వీట్ 1899లోనే వాదించాడు.

కృష్ణా డెల్టాలో ఇంగ్లిషు చదువు అప్పటికే బందరులో వేళ్లూనుకుంది. చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ పెట్టిన బడి తరువాత నోబుల్ కాలేజీగా ఎదిగింది. ఆ బడిలో బైబిలు ముఖ్య పాఠం. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఇంగ్లిషు చదువు దాని పరీక్షల చుట్టూ తిరిగింది. బైబిలు గానీ ఇంగ్లిషు సాహిత్యం గానీ విద్యార్థుల కోసం అల్లినవి కావు, ఆ లెక్కన సహజ రచనలే. కానీ డెల్టా పిల్లల నిత్యజీవితానికి అవి దూరం.

ఇరవయ్యో శతాబ్దంలో దారి మారింది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ కొత్త పదాలను అదుపులో ఉంచి రీడర్లు రాశాడు. 1950లలో, వాక్య నిర్మాణాలను ఒక్కొక్కటిగా వల్లింపజేసే స్ట్రక్చరల్ పద్ధతి మద్రాసు రాష్ట్ర బడుల్లోకి వచ్చింది. ఇంగ్లిషు ఉపాధ్యాయుల శిక్షణకు 1958లో హైదరాబాదులో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిషే నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). స్ట్రక్చరల్ పద్ధతి ఉపాధ్యాయుడికి తేలికైన బాట వేసింది. అయితే వాక్యాలు అప్పజెప్పడం వేరు, ఇంగ్లిషు పత్రిక చదివి విషయం గ్రహించడం వేరు.

1978లో బ్రిటిష్ భాషావేత్త విడోసన్ ఒక కీలకమైన మాట చెప్పాడు: రచన అసలైనదైతే చాలదు, చదివేవాడు దానికి తగినట్టు స్పందించాలి. 1979–84 మధ్య దక్షిణాది బడుల్లో ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు పాఠాన్ని పనిగా మార్చింది. పిల్లలు రైళ్ల వేళలు, పటాలు చూసి లెక్క తేల్చేవారు. ఆలోచన అర్థం మీద ఉండగా భాష వెంట వచ్చేది.

విజయవాడలో ఇలాంటి సామగ్రికి కొదవ లేదు. కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ వద్ద వరద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండో హెచ్చరిక. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో అది 11 లక్షలు దాటింది. నాటి ఇంగ్లిషు వార్తను ఎనిమిదో తరగతి పిల్లల చేతికిచ్చి ఏ హెచ్చరిక అమల్లో ఉంది, ఎవరు ఖాళీ చేయాలి, ఎక్కడికి వెళ్లాలి అని అడిగితే వాళ్లు వాక్యాల్లో జవాబు కోసం వెతుకుతారు. అదే వార్తతో చిన్న తరగతివారు అంకెలు, ఊళ్ల పేర్లు గుర్తిస్తే చాలు. పెద్దవారు హెచ్చరిక నోటీసు రాయవచ్చు.

కష్టమైన వార్తను మార్చి రాయనక్కర్లేదు, అడిగే పనిని తగ్గిస్తే సరిపోతుంది. అవసరమైన నాలుగు మాటలు తెలుగులో ముందే వివరించవచ్చు. పాత వార్తలను పిల్లల స్థాయిని బట్టి వర్గీకరించి భద్రపరిస్తే, ఖరీదైన పుస్తకాలు కొనలేని ప్రభుత్వ బడికీ ఈ పద్ధతి అందుబాటులో ఉంటుంది.