చైనా చక్రవర్తుల పింగాణీ - ఒక చార్జి లిస్టు కథ



మన ఇళ్ళలో ఆవకాయ పెట్టుకునే జాడీని పింగాణీ జాడీ అంటాము. ఆ పింగాణీకి పుట్టిల్లు చైనా. అక్కడ జింగ్‌దెజెన్ అనే ఊరి బట్టీలలో మింగ్, చింగ్ వంశాల చక్రవర్తుల కొరకు కాల్చిన పూలకూజాలు వేలంపాటలలో కోట్ల రూపాయలు పలుకుతున్నవి. వాటి అందాన్ని గురించి వ్రాయగల రసజ్ఞులు వేరే ఉన్నారు. ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాడిని కనుక వాటి కాగితాల గురించి నాలుగు మాటలు వ్రాస్తాను.

రాజాస్థానపు కూజా అడుగున సాధారణంగా ఆరు అక్షరాలుంటాయి. వంశం పేరు, ఏలుబడి పేరు, ఆ కాలంలో చేసినది అని వాటి భావం. ఇది ఆఫీసు ముద్ర వంటిది. అయితే ముద్ర ఉన్నంత మాత్రాన కాగితం అసలుదని నమ్మరాదని మనకు తెలిసినదే. 1662 నుండి 1722 వరకు ఏలిన కాంగ్‌షీ చక్రవర్తి కాలపు కుమ్మరులు 15వ శతాబ్దపు చెంగ్‌హువా ముద్రను తమ కూజాలపై వేసేవారు. పూర్వుల పనితనం మీద గౌరవంతో కొందరు అలా చేస్తే, తరువాతి వ్యాపారులు డబ్బు కోసం చేశారు. అందుచేత తెలిసినవారు ముద్ర చూచి ఊరుకోరు. ఈ వస్తువు ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చిందని అడుగుతారు. అంటే సర్వీసు రిజిస్టరు చూపమంటారన్నమాట!

ఆ రిజిస్టరులో పేజీలు చిరిగిన సందర్భాలు చాలా ఉన్నవి. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ దగ్గరి యువాన్‌మింగ్‌యువాన్ ప్రాసాదాన్ని దోచుకున్నవి. తరువాత బ్రిటిష్ సైన్యం దానిని తగులబెట్టింది. సిపాయిల సంచులలో పోయిన వస్తువు ఏ గదిలోనిదో ఎవరు చెప్పగలరు? 1912లో గద్దె దిగిన చివరి చక్రవర్తి పుయీ 1924 వరకు బీజింగ్ కోటలోనే ఉన్నాడు. ఆ రోజులలో ఖర్చులకు చాలక కోటవారు పింగాణీని సైతం బ్యాంకులో తాకట్టు పెట్టారు. 1923లో కోటలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. దొంగతనాలు బయటపడకుండా నౌకర్లే నిప్పు పెట్టారని అనుమానించారు.

మన దేశపు ముడి ఒకటి ఇక్కడున్నది. 1892లో బొంబాయిలో పుట్టిన సర్ పెర్సివల్ డేవిడ్ ఆ తాకట్టు పింగాణీలో కొంత కొన్నారు. ఆయన సేకరణలోని సుమారు 1,700 వస్తువులను బ్రిటిష్ మ్యూజియానికి శాశ్వతంగా ఇస్తున్నట్లు వాటి ట్రస్టీలు 2024 నవంబరులో ప్రకటించారు.

1924 నవంబరులో పుయీని కోట నుండి పంపివేశారు. డిసెంబరులో ఒక కమిటీ కోటలోని వస్తువుల జాబితా మొదలుపెట్టింది. ఒంటరిగా ఎవరూ లోపలికి పోరాదు, జట్టుగానే పోవాలి, వెంట పోలీసులుండాలి. వస్తువులు చొక్కాలో దాచకుండా చేతులను మణికట్టు వద్ద గుడ్డతో కట్టేవారు. ఒక్కొక్క మందిరానికి ఒక అక్షరం, అందులోని వస్తువులకు వరుస నంబర్లు. మొట్టమొదటి నంబరు దేనికి పడిందనుకుంటున్నారు? సింహాసనానికి కాదు, రెండు మెట్ల చెక్కపీటకు! గుమ్మం దాటగానే ఏది కంటబడితే దానినే వ్రాశారు. ఇదీ నిఖార్సయిన గుమాస్తా పని. చివరకు లెక్క 11 లక్షల 70 వేలు దాటింది. జాబితా 28 సంపుటాలుగా అచ్చయింది.

ఆ జాబితా విలువ తరువాత తెలిసింది. 1933లో జపాను దాడి భయంతో 13,427 పెట్టెల కోట వస్తువులను దక్షిణానికి తరలించారు. యుద్ధకాలమంతా అవి రైళ్ళ మీద, లారీల మీద, పడవల మీద ఊరూరూ తిరిగాయి. 1948-49లో ఇతర సంస్థల పెట్టెలతో పాటు కోటవి 2,972 తైవాన్ చేరాయి. దేశం రెండుగా చీలినా ఏ కూజా ఎక్కడిదో చెప్పగలుగుతున్నారంటే, చలికాలంలో ఆ చల్లని గదులలో కూర్చుని నంబర్లు వేసిన వ్రాతగాళ్ళ పుణ్యమే. వారిలో చాలామంది పేర్లు మనకు తెలియవు. చేసిన పని మాత్రం నిలిచింది.

ఇంట్లో తాతగారి కాలపు ఇత్తడి బిందె ఒక్కటున్నా సరే, ఎవరిచ్చారో ఎప్పుడిచ్చారో ఒక కాగితం మీద వ్రాసి మనుమలకు అందజేయండి. వ్రాయడం మనకు కొత్త కాదు గదా!