అత్తిబెలెలో ఇంటి కప్పు: మేస్త్రి మీద నమ్మకానికి ఆధారాలు

అత్తిబెలె బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, హోసూరు రహదారి మీద, తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు. ఈ చుట్టుపక్కల కన్నడం, తమిళంతో పాటు తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. బెంగళూరు ప్రాంతంలో ఏటా సగటున 900 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందువల్ల ఇల్లు కట్టుకునేవారికి కప్పు వేసే మనిషిని ఎంచుకోవడం ఎప్పుడూ పెద్ద విషయమే. కప్పు తీరు మారినప్పుడల్లా ఆ ఎంపికకు ఆధారమూ మారుతూ వచ్చింది.

బెంగళూరు, కోలారు ప్రాంతాల నేల కింద ఉన్నది గట్టి నైస్ రాయి. గోడ నుంచి గోడకు రాతి బండలు పరిచి, సందులను సున్నంతో పూడ్చి కప్పు వేయడం ఇక్కడి పాత పద్ధతి. బండ తీసే పనిలో పేరున్నవారు వడ్డెరలు. కర్ణాటకలో భోవి అనే పేరుతో ఉన్న ఈ సముదాయంలో చాలామంది ఇంటిభాష తెలుగే. రాతి మీద కట్టెల మంట పెట్టి, దాన్ని మెల్లగా ముందుకు జరుపుతూ పొరను విడదీసేవారు. బెంగళూరులో ఇలా 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, అర అడుగు మందం ఉన్న పలకలు తీసేవారని 1895లో ‘నేచర్’ పత్రిక వివరంగా ప్రచురించింది. ఈ కప్పులో దాచేది ఏమీ లేదు. కొట్టి చూస్తే మంచి బండ ఖంగుమంటుంది, పగులున్నది బొంగురుగా పలుకుతుంది. పనివాడి నేర్పు యజమాని కళ్ళముందే తేలేది.

ఇక తెలుగు నేల మీద చూస్తే, రాయలసీమలో దూలాల మీద చవుడు మన్ను పరిచిన మిద్దెలుండేవి. ఇతర చోట్ల కుమ్మరి చేసిన నాటు పెంకుల ఇళ్ళుండేవి. వానలకు ముందు మిద్దె మీద కొత్త మన్ను వేయాలి, పెంకులు సర్దాలి. కప్పు వేసినవాడే మళ్ళీ మళ్ళీ అదే గడపకు రావాలి కాబట్టి, పని చెడగొట్టి తప్పించుకునే దారి అతనికి లేదు.

బ్రిటిషు కాలపు భవనాలతో మద్రాసు టెర్రస్ అనే కప్పు విస్తరించింది. దగ్గరదగ్గరగా వేసిన టేకు దూలాల మీద సన్నని ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో అతికేవారు. పైన ఇటుక జల్లి, సున్నం కలిపి పరిచి, బెల్లం, కరక్కాయ నీళ్ళు చిలకరిస్తూ కూలీలు రోజుల తరబడి చెక్క సుత్తులతో కొట్టేవారు. ఇందులో మోసమంటే కొట్టాల్సినన్ని రోజులు కొట్టకపోవడమే. దగ్గరుండి చూసుకోవడమే దానికి మందు.

1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది. ఒకే కొలతలో అచ్చయిన మంగళూరు పెంకు దక్షిణాదంతటా పాకింది. బెంగళూరు బంగళాల మీదా కనిపించింది. ప్రతి పెంకు మీదా తయారీదారు ముద్ర ఉండేది. దాంతో సరుకు బాధ్యత ఫ్యాక్టరీదైంది. వాసాల వాలు, పెంకుల అమరిక మేస్త్రి బాధ్యతగా మిగిలాయి.

కాంక్రీటు స్లాబు ఈ లెక్కనంతా మార్చింది. కాంక్రీటు పోశాక లోపల ఎంత ఇనుము ఉందో, నీళ్ళు ఎంత కలిపారో బయటికి తెలియదు. తప్పు కొన్నేళ్ళకు చెమ్మగా, పెచ్చులుగా బయటపడేసరికి మేస్త్రి ఎక్కడో ఉంటాడు. కంటికి కనపడని పనికి కొలమానంగా 1953లో కాంక్రీటు పనికి ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం వచ్చింది. 2000 నాటి సవరణ ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. గోడల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల దాకా ఉంటే స్లాబు కింది పోట్లు 7 రోజుల దాకా, అంతకు మించితే 14 రోజుల దాకా తీయకూడదు.

1978లో ఎలక్ట్రానిక్ సిటీ మొదలయ్యాక హోసూరు రహదారి వెంట ఫ్యాక్టరీలు, లేఅవుట్లు పెరిగాయి. ఇంటి యజమానీ, మేస్త్రీ, కూలీలూ తలో ఊరి నుంచి వచ్చినవారయ్యారు. ఊరి నోటిమాట ఒక్కటే సరిపోని కాలంలో చట్టం తోడైంది. 1993 సవరణతో ఇళ్ళ నిర్మాణం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వచ్చింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) నిర్మాణ లోపాలకు ఐదేళ్ళ బాధ్యతను బిల్డరు మీద పెట్టింది. అయితే అది అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకే. సొంత స్థలంలో మేస్త్రితో కట్టించుకునేవారికి రాతపూర్వక ఒప్పందమే ముఖ్యమైన రక్ష.

అందుకే నేటి ఎంపికలో పాత ఆధారాలన్నీ కలవాలి. ఆ మేస్త్రి నాలుగైదేళ్ళ కిందట వేసిన స్లాబును వానాకాలంలో వెళ్ళి చూడాలి, ఆ ఇంటివారిని అడగాలి. ఇనుము మీద తయారీదారు ముద్ర చూడాలి. కాంక్రీటు పోసేముందు కడ్డీల అల్లికను ఇంజనీరుకు చూపాలి. చదరానికి ఎంత కూలి, సరుకు ఎవరిది, కారితే ఎన్నేళ్ళ దాకా బాగుచేయాలి అన్నవి కాగితం మీద రాయించాలి. ఒక వానాకాలం గడిచేదాకా చివరి వాయిదాలో కొంత ఆపుకోవాలి. ఈ షరతులకు సంతోషంగా ఒప్పుకునేవాడే నమ్మదగిన మేస్త్రి.