పాండవోద్యోగ విజయాలు (రంగస్థల కూర్పులు)

తిరుపతి వేంకట కవులు రచించిన పాండవోద్యోగము, పాండవవిజయము అనే రెండు పద్యనాటకాలను కలిపి పాండవోద్యోగ విజయాలు అని పిలుస్తారు. తెలుగునాట అత్యధికంగా ప్రదర్శింపబడిన పౌరాణిక నాటకాలలో ఇవి ముఖ్యమైనవి. కురుక్షేత్రం, శ్రీకృష్ణ రాయబారం అనే పేర్లతో పల్లెల్లోను, పట్టణాల్లోను ఆడే నాటకాలకు ఆధారం చాలావరకు ఈ రెండు గ్రంథాలే. అయితే రంగస్థలం మీద కనిపించేది అచ్చు పుస్తకంలోని నాటకం యథాతథంగా కాదు. పద్యాలను ఎంపిక చేసి, కొన్నిటిని విడిచిపెట్టి, కొన్నిటిని ఒకచోటి నుండి మరొకచోటికి మార్చి, ఇతర కవుల పద్యాలను చేర్చి, నటులూ హార్మోనిస్టులూ ప్రేక్షకులూ కలిసి తయారుచేసుకొన్న కూర్పు అది. ఈ వ్యాసం ఆ కూర్పు గురించినది.

కవులు, మూల నాటకాలు

దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి (1870–1950) జంటగా అవధానాలు చేసి, జంటగానే కావ్యాలు, నాటకాలు రచించారు. తిరుపతి శాస్త్రి మరణానంతరం కూడా వేంకట శాస్త్రి తన రచనలను ఇద్దరి పేరు మీదనే వెలువరించడం సాహిత్య చరిత్రలో అరుదైన విషయం. అందువలన ఒక పద్యం ఇద్దరిలో ఎవరిది అన్న ప్రశ్నకు సమాధానం వెదకడం వృథా ప్రయాస.

మహాభారత కథను వీరు ఆరు నాటకాలుగా మలిచారు. అవి పాండవ జననము, పాండవ ప్రవాసము, పాండవ రాజసూయము, పాండవోద్యోగము, పాండవవిజయము, పాండవాశ్వమేధము. ఆరింటిలో రంగస్థలం మీద స్థిరంగా నిలిచినవి నాలుగవది, ఐదవది మాత్రమే. మిగిలినవాటి పేర్లు కూడా నేడు సాహిత్య విద్యార్థులకు తప్ప తెలియవు. ఆరు నాటకాలూ ఒకే స్థాయిలో లేవన్నది ఒక కారణం కావచ్చును. అంతకంటె ముఖ్యమైన కారణం కథలోనే ఉన్నది. ఉద్యోగ పర్వంలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వాదించుకొనే ఘట్టాలు ఎక్కువ. అవధానులకు వాదం వెన్నతో పెట్టిన విద్య. తిక్కన భారతంలోని ఉద్యోగ పర్వం అప్పటికే సంభాషణలకు పెట్టింది పేరు కాబట్టి, పునాది కూడా గట్టిదే దొరికింది.

నిలిచిన సీనులు

ప్రదర్శనల్లో తప్పనిసరిగా కనిపించే ఘట్టాలకు నాటక సమాజాలవారు పెట్టుకొన్న పేర్లు పుస్తకంలో ఉండవు. వాటిలో ముఖ్యమైనవి మూడు.

పడక సీను: శ్రీకృష్ణుడు శయనించి ఉండగా సాయం కోరి దుర్యోధనుడు, అర్జునుడు ద్వారకకు రావడం. దుర్యోధనుని పలకరిస్తూ కృష్ణుడు చదివే 'బావా ఎప్పుడు వచ్చితీవు' అనే పద్యం ఇందులోనిది. పలకరింపులో మర్యాద, అడుగున వ్యంగ్యం రెండూ ఉండడం వలన నటునికి ఇది పరీక్ష.

రాయబారం సీను: కౌరవ సభలో కృష్ణుని దౌత్యం. 'చెల్లియో చెల్లకో', 'అలుగుటయే యెరుంగని', 'జెండాపై కపిరాజు' అనే పద్యాలు ఇక్కడివే. చదువు రాని శ్రోతలకు కూడా ఇవి కంఠస్థంగా ఉండేవి.

మడుగు సీను: యుద్ధాంతంలో మడుగులో దాగిన దుర్యోధనుని పాండవులు బయటకు పిలవడం. ఇది పాండవవిజయం నుండి వచ్చినది.

మొదటి రెండింటికీ మూడవదానికీ మధ్య పుస్తకంలో ఎంతో కథ ఉన్నది. రంగస్థలం మీద ఆ మధ్యభాగం సమాజాన్ని బట్టి, వచ్చిన నటులను బట్టి, రాత్రి ఎంత మిగిలి ఉన్నదన్నదాన్ని బట్టి మారిపోతుంది. అభిమన్యుని పాత్రకు మంచి నటుడు దొరికితే పద్మవ్యూహం చేరుతుంది, కర్ణునికి గాత్రం ఉంటే కర్ణుని ఘట్టం పెరుగుతుంది. కురుక్షేత్రం అనే పేరుతో ఆడే నాటకానికి ఒకే పాఠం లేకపోవడానికి కారణం ఇదే.

వరుస ఎలా ఏర్పడింది

ఈ కూర్పు ఏ ఒక్కరి ఆలోచనా కాదు. దీనికి ప్రధాన కారణం కంట్రాక్టు నాటకాల పద్ధతి. ఒక కంట్రాక్టరు వేర్వేరు ఊళ్ళనుండి పేరుపొందిన నటులను పిలిపించి, ఒక్క రాత్రికి కలిపి నాటకం ఆడించేవాడు. ఈ నటులు కలిసి రిహార్సలు చేసే అవకాశం ఉండేది కాదు. బెజవాడ నుండి వచ్చిన కృష్ణుడు, తెనాలి నుండి వచ్చిన దుర్యోధనుడు వేదిక మీదనే కలుసుకొనేవారు. అటువంటప్పుడు ఏ పద్యం తరువాత ఏ పద్యం వస్తుందో అందరికీ ముందుగానే తెలిసి ఉండాలి. ఆ అవసరం నుండి ఒక వాడుక వరుస స్థిరపడింది. పుస్తకంలోని దీర్ఘమైన వచనాలు తగ్గిపోయి, ఒకరి పద్యానికి మరొకరు అందుకొనేందుకు వీలైన చివరి మాటలు మాత్రం మిగిలాయి.

ఈ వరుసకు కాపలాదారు హార్మోనిస్టు. శ్రుతి ఇచ్చేది, నటుడు పద్యం మరచిపోతే మొదటి స్వరంతో గుర్తుచేసేది, ఆలస్యమైతే రెండు పద్యాలు దాటించేది ఆయనే. పల్లె నాటకాల్లో అయితే నాటకం నేర్పే మాస్టరు కూడా సాధారణంగా ఆయనే కావడం వలన, ఆయన నోటు పుస్తకంలోని వరుసే ఆ ఊరికి ప్రమాణ గ్రంథం.

మరొక విశేషం, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండడం. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధ ఘట్టాలకు మరొకరు వేషం కట్టడం పరిపాటి. కొత్తగా చూసేవారికి ఇది వింతగా తోస్తుంది. ఒక్కరే తెల్లవార్లూ ఆ స్థాయిలో పాడలేకపోవడం దీనికి ఒక కారణం. అభిమానులు తమకు ఇష్టమైన నటులందరినీ ఒకే రాత్రి వినాలనుకోవడం మరొక కారణం. ఈ ఏర్పాటు వలన ప్రతి కృష్ణునికీ తనవంతు పేరున్న పద్యాలు ఉండవలసి వచ్చింది. కథకు అవసరమైనా పాటకు లొంగని పద్యాలు ఈ పంపకంలోనే రాలిపోయాయి.

ఒన్స్ మోర్

ప్రేక్షకుడు వరుసను మార్చే సాధనం ఒన్స్ మోర్. నచ్చిన పద్యాన్ని మళ్ళీ చదవమని కేకవేయడం, నటుడు చదవడం తెలుగు నాటకరంగంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. రాయబార ఘట్టంలో దీని ప్రభావం గమనింపదగినది. ఆ ఘట్టం నిర్మాణం మెత్తగా మొదలై గట్టిపడేది. కృష్ణుడు ముందు పాండవుల భాగం అడుగుతాడు, తరువాత అయిదూళ్ళైనా ఇమ్మంటాడు, ధర్మరాజు ఓర్పును గుర్తుచేస్తాడు, చివరికి యుద్ధం ఎలా ఉంటుందో హెచ్చరిస్తాడు. సర్వనాశనాన్ని వర్ణించే పద్యం రెండు మూడుసార్లు మళ్ళీ చదివిన తరువాత సంధి మాటకు తిరిగి రావడం కష్టం. సభలోని భీష్మ ద్రోణులు అంతసేపూ కదలకుండా కూర్చోవలసిందే. సంధికోసం వచ్చిన దూత యుద్ధానికి తొందరపడుతున్నవానిలా కనిపించే ప్రమాదం ఇక్కడ ఉన్నది. మంచి నటులు రెండవసారి అదే పద్యాన్ని రాగాలాపన తగ్గించి, దుర్యోధనునికి నచ్చచెబుతున్నట్లు చదివి దీన్ని సరిచేసుకొనేవారు.

విమర్శ

పద్యాల కచేరీగా మారిన నాటకాన్ని విమర్శించినవారిలో మొదట చెప్పుకోదగినవాడు బళ్ళారి రాఘవ (1880–1946). తాడిపత్రిలో జన్మించిన రాఘవ, నాటకాల్లో పాటలూ పద్యాలూ ప్రవేశపెట్టి పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులకు (1853–1912) మేనల్లుడు. మేనమామ నాటకానికి సంగీతాన్ని తెస్తే, మేనల్లుడు మితిమీరిన సంగీతాన్ని తగ్గించాలన్నాడు. నటుడు పాత్రగా ఉండాలి తప్ప రాగం చూపించడానికి పాత్రనుండి బయటకు రాకూడదన్నది రాఘవ వాదంలోని సారం.

ఈ విమర్శలో న్యాయం ఉన్నది. భారతంలో రాయబారానికి ముందు పాండవులు జరిపే సమాలోచన చాలా లోతైనది. అంతటి భీముడు కూడా అక్కడ శాంతిని కోరతాడు. ఆ తటపటాయింపు లేకుండా ద్రౌపది ఆవేదన ఒక్కటే వినిపించి, వెంటనే కౌరవ సభను చూపిస్తే యుద్ధం ముందే నిర్ణయమైపోయినట్లు అనిపిస్తుంది. సంజయ రాయబారం కూడా సమయాభావం వచ్చినప్పుడు తరచు ఎగిరిపోయే భాగం. ఐతే రెండవవైపు కూడా చూడాలి. పుస్తకంగా మాత్రమే మిగిలిన నాలుగు నాటకాలు జనానికి దూరమయ్యాయి. విరిచి, కలిపి, ఇష్టంవచ్చినట్లు అమర్చుకొన్న రెండు నాటకాలు జనం నోట నిలిచాయి.

మూలకర్త కూర్పును ప్రదర్శకులు మార్చడం ఇతర దేశాల్లోను ఉన్నదే. ఆంగ్ల నటుడు కాలీ సిబ్బర్ 1699లో షేక్స్పియర్ మూడవ రిచర్డు నాటకాన్ని కత్తిరించి, అదే కవి ఇతర నాటకాలలోని పంక్తులు చేర్చి తయారుచేసిన పాఠమే 19వ శతాబ్దం దాకా ఇంగ్లండులో రంగస్థలాన్ని ఏలింది. సంగీతంలో చూస్తే, బీటిల్స్ బృందం 1968లో 30 పాటలతో వెలువరించిన జంట రికార్డును ఒక్క రికార్డుగా కుదిస్తే ఏ పాటలు ఉంచాలి, ఏ వరుసలో ఉంచాలి అన్న చర్చ అభిమానుల్లో ఈనాటికీ తెగలేదు. బృందం నిర్మాత జార్జ్ మార్టిన్ కూడా ఒక్క రికార్డే చాలునన్న అభిప్రాయం కలవాడు.

రాయదుర్గం, గుమ్మఘట్ట ప్రాంతంలో

అనంతపురం జిల్లా పశ్చిమ భాగంలోని రాయదుర్గం తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండేది. వేదవతి (హగరి) నదిమీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్న గుమ్మఘట్ట 1985లో మండల కేంద్రమయ్యింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, రాఘవ పనిచేసిన బళ్ళారి ఈ ప్రాంతానికి దగ్గరి పట్టణం. సరిహద్దుకు అవతల చిత్రదుర్గం, తుమకూరు జిల్లాల పల్లెల్లో కన్నడంలో కురుక్షేత్ర నాటకాలు ఆడే సంప్రదాయం ఉన్నది. ఈ సీమలో రెండు భాషలూ తెలిసినవారు ఎక్కువ.

వర్షాభావం గల ఈ మెట్ట ప్రాంతంలో నాటకానికి కాలం వేరుశనగ నూర్పిళ్ళు ముగిసిన తరువాత, జాతరల రోజుల్లో వస్తుంది. పల్లె కురుక్షేత్రంలో వేషాలు వేసేవారు రైతులు, చేతివృత్తులవారు. మాస్టరుకు జీతం, డ్రస్సులకు అద్దె, మైకుసెట్టు ఖర్చు వేషధారులే పంచుకొంటారు. స్త్రీ పాత్రలకు పట్టణాలనుండి కళాకారిణులను పిలిపిస్తారు. డబ్బు పెట్టి వేషం కట్టినవానికి పద్యాలు తగ్గించడం మర్యాద కాదు. అందుచేత ఇక్కడ వరుస నిర్ణయించేది కేవలం కళాదృష్టి అనుకోరాదు. పంట లేని ఏడు నాటకమూ ఉండకపోవచ్చు. అప్పుడు వరుస మాస్టరు నోటు పుస్తకంలో, వేషధారుల నోట మాత్రమే ఉంటుంది.

రికార్డులు, సినిమా, క్యాసెట్లు

78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డు ఒక్కొక్క పక్క సుమారు మూడు నిమిషాలు మాత్రమే నడిచేది. రాగాలాపనతో కూడిన ఒక పద్యానికి, మహా అయితే రెండింటికి అది సరిపోయేది. కథనుండి విడివడి పద్యం ఒంటరిగా వినిపించడం ఈ రికార్డులతో బలపడింది. ఏ పద్యం ముందు, ఏది వెనుక అన్నది రికార్డు మార్చేవాని ఇష్టం.

1960లో వచ్చిన శ్రీకృష్ణ రాయబారం చిత్రంలో రంగస్థల కృష్ణునిగా పేరుపొందిన ఈలపాట రఘురామయ్య కృష్ణ పాత్ర ధరించాడు. 1967 నాటి శ్రీకృష్ణావతారం చిత్రంలో ఎన్.టి. రామారావుకు ఘంటసాల రాయబార పద్యాలు పాడాడు. కృష్ణుని జీవితమంతా చెప్పే సినిమా కాబట్టి రాయబారానికి అందులో కొద్ది నిమిషాలే దక్కాయి. దీర్ఘాలాపన లేక, మాట స్పష్టంగా, ఒకదానివెంట ఒకటిగా పద్యాలు వచ్చాయి. నాటకం చూడని తరాలకు రాయబారం అంటే ఆ కొద్ది పద్యాలే.

క్యాసెట్లు వచ్చిన తరువాత వరుస పూర్తిగా శ్రోత చేతికి వచ్చింది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయ రాజు వంటి కృష్ణపాత్రధారుల పద్యాలను కలిపి ఒకే టేపులో ఎక్కించుకోవడం, పడక సీను ఒకరిది, రాయబారం మరొకరిది తీసుకొని తమకు నచ్చిన నాటకం కూర్చుకోవడం పద్యాభిమానులకు సాధ్యమయ్యింది. వేదిక మీద ఇద్దరు కృష్ణులను చూసిన అలవాటు ఉన్నవారికి ఇందులో ఎబ్బెట్టు ఏమీ కనిపించలేదు. సెల్‌ఫోన్ల మెమరీ కార్డులలో ఇదే పని కొనసాగింది. ఇటువంటి కూర్పుల్లో దుర్యోధనుని జవాబులు తరచుగా ఉండవు. కృష్ణుడు ప్రశ్నిస్తాడు, కృష్ణుడే హెచ్చరిస్తాడు, ఎదుటివాని మాట వినిపించదు. అచ్చు పుస్తకంలో మాత్రం దుర్యోధనుడు తన వాదమంతా వినిపిస్తాడు.