చుట్కీకి న్యాయం: ఒక నవ్వు చరిత్ర

పేరడీ తెలుగువాళ్లకు కొత్త కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారి పేరు చెబితే పేరడీయే గుర్తుకొస్తుంది. అయితే ఆయన పేరడీని చదివేవాళ్లకు అది ఎవరు రాశారో, దేన్ని చూసి రాశారో తెలుసు. చాటువులకు కూడా అంతే. నిజమో కల్పనో గాని, ఫలానా కవి ఫలానా సందర్భంలో అన్నాడన్న కథ పద్యం వెంటే నడిచేది. ఇంటర్నెట్‌లో తిరిగే మీమ్‌కి ఆ తోడు లేదు. అందువల్ల ఏం జరుగుతుందో మన హైదరాబాదు కార్టూన్ ఒకటి చూపించింది.

మీమ్ అన్న మాటను 1976లో జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ పుట్టించాడు. అనుకరణ వల్ల ఒకరి నుంచి ఒకరికి పాకే భావమని ఆయన ఉద్దేశం. బొమ్మకు వ్యాఖ్య తగిలించి నవ్వించడమన్న అర్థం తర్వాత వచ్చింది.

రాజీవ్ చిలక హైదరాబాదులో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 'ఛోటా భీమ్'ను తయారుచేసింది. 2008 నుంచి పోగో ఛానల్లో వచ్చింది. మహాభారత భీముడి పోలికతో చేసిన బాలుడు, అతని నేస్తం చుట్కీ, ఢోలక్‌పూర్ రాజకుమారి ఇందుమతి అందులో పాత్రలు. లడ్డూ తింటే భీముడికి ఎక్కడలేని బలం వస్తుంది.

2020 జూన్‌లో, కరోనా కట్టడి రోజుల్లో, భీముడు చుట్కీని కాదని ఇందుమతిని పెళ్లాడాడన్న మాట ట్విట్టర్‌లో పుట్టింది. 'చుట్కీకి న్యాయం చేయండి' అన్న ఇంగ్లీషు నినాదం దేశమంతా పాకింది. 2008లో ఎనిమిదేళ్ల పిల్లవాడికి అప్పటికి ఇరవై ఏళ్లు. తన బాల్యాన్ని తానే ఆటపట్టించుకున్నాడన్నమాట. అంతవరకు ముచ్చటే. కాని ఆ మాట చేతులు మారేకొద్దీ హాస్యం జారిపోయి వార్త మిగిలింది. చివరికి, ఆ పాత్రలు ఇంకా పిల్లలేనని, పెళ్లి మాట అబద్ధమని, పసివాళ్ల బతుకుల్లోకి ప్రేమను, పెళ్లిని తీసుకురావద్దని ఆ సంస్థే ప్రకటించవలసి వచ్చింది. గీసిన బొమ్మకు పెళ్లి కాలేదని సంజాయిషీ ఇవ్వడం కూడా ఒక హాస్యమే!

కార్టూన్ హైదరాబాదుది, చుట్కీ, ఢోలక్‌పూర్ హిందీ పేర్లు, నినాదం ఇంగ్లీషు. ఫరంపేటలో ఉండే నాకు ఇది చిన్న విషయంగా తోచదు. యానాంలో మాది తెలుగే అయినా పుదుచ్చేరి ప్రాంతం మొత్తంలో మేం కొద్దిమందిమే. కొద్దిమంది భాషలో పుట్టిన చమత్కారం ఎవరిదో, ఎప్పటిదో నమోదు కాకపోతే త్వరగా ఊరూపేరూ లేనిదైపోతుంది. నవ్వుకు కూడా చిరునామా ఉండాలి. ఆ చిరునామా రాసిపెట్టడం ఇలాంటి చిన్న పత్రికలు చేయగలిగిన పని.