కొండపల్లి కొండ: పొణికి చెట్టూ, కంకర గుట్టా

కొండల్ని తవ్వుకోవటమా, కాపాడుకోవటమా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా సమతౌల్యం అనే మాట వినవస్తుంది. మాట మంచిదే. కాని త్రాసు ఎవరి చేతిలో వుంది, ఏ పళ్లెంలో ఏం వేశారు అన్నది చెప్పకుండా తూకం సరిపోయిందనటం చరిత్రకు ఒప్పదు. ఈ సంగతి తెలుసుకోవటానికి అమెజాన్ అడవులదాకా పోనక్కరలేదు. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొండపల్లి కొండ చాలునని నా అభిప్రాయం.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. డెల్టా పచ్చదనం తలుచుకున్నప్పుడు మనం నీటిని తలుచుకుంటాం గాని రాతిని తలుచుకోం. కృష్ణ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. బెజవాడలో నది రెండు కొండల నడుమ ఇరుకుగా పారుతుంది. కట్టుబడికి కావలసిన రాయి ఒడ్డునే దొరికింది. ఆ ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బారేజీ లేచింది. కొండ రాయి ఇవ్వకపోతే డెల్టా ఇలా వుండేది కాదు. కనుక కొండనుంచి ఏమీ తీయరాదన్న వాదం మనది కాజాలదు. కృష్ణ కాలవకింద పండిన అన్నం తినేవాడు ఆ మాట అనలేడు.

అయితే తీసుకోవటంలో రెండు పద్ధతులున్నాయి. తీసినచోట మళ్లీ మొలిచేది ఒకటి, మొలవనిది మరొకటి. కొండపల్లి అడవిలో పెరిగే తెల్ల పొణికి మొదటి రకం. ఆ కర్ర మెత్తన, తేలిక. సన్నని సెగమీద తడి ఆరబెట్టి, అంగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి రంగులు వేస్తే కొండపల్లి బొమ్మ తయారవుతుంది. సుమారు 400 ఏళ్ల కిందట రాజస్థానం నుంచి వలస వచ్చామని ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు చెప్పుకుంటారు. వారి బతుకంతా ఆ చెట్టుమీద ఆధారపడింది. చెట్టు బతికివుండటంలో నిజమైన లాభం వున్నది వారికే.

చరిత్ర వారికేమిచ్చింది? 1882 మద్రాసు అటవీ చట్టంతో సర్కారు అడవులకు హద్దురాళ్లు పాతి, రిజర్వు అన్నది. అంతవరకు వాడుకగా తెచ్చుకున్న కర్ర, మేపుకున్న గడ్డి, ఆనాటి నుంచి పర్మిట్టు మీదో, దొంగతనంగానో తెచ్చుకోవలసినవయ్యాయి. పల్నాటిలో ఈ పుల్లరి బాధకు ఎదురునిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో కాల్పులకు బలి అయ్యాడు. అదే సంవత్సరం ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటు లేచింది. రెండింటికీ మూలం ఒక్కటే: అడవిని వాడుకునేవాడు అడవి విషయంలో నోరెత్తరాదన్న శాసనం.

పాలకులు మారారు గాని ఈ శాసనపు స్వభావం మారలేదు. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా ఖనిజాల నియమావళి ప్రకారం కంకరకూ గ్రావెలుకూ లీజు వుంది, సీనరేజి రేటు వుంది. కొండ ఎంత తరిగితే ఖజానాకు అంత రాబడి. చెట్టు నిలిచివుంటే మాత్రం ఏ పద్దులోనూ అంకె పడదు. లీజు వున్నచోటే ఈ లెక్క ఇలా వుంటే, హద్దు దాటినచోట చెప్పేదేముంది? 2020, 2021 సంవత్సరాల్లో కొండపల్లి రిజర్వు అడవిలో అక్రమ తవ్వకాలు జరిగాయని పెద్ద అలజడి రేగటం అందరికీ తెలిసినదే. పార్టీలు ఒకదాన్నొకటి నిందించుకున్నాయి. పొణికి చెట్ల మాట ఆ రభసలో పెద్దగా వినిపించలేదు.

బొమ్మలవారే పొణికి కొట్టి తరగజేశారని కొందరు అంటారు. ఇందులో కొంత నిజం వుంది. బజారు పెరిగింది, ఆర్డర్లు పెరిగాయి, నరికినంత వేగంగా నాటడం జరగలేదు. కాని నాటే హక్కూ, కాపు కాసే హక్కూ లేనివాడిమీద నాటలేదని నేరం మోపటం న్యాయమా? ఈ శతాబ్దం మొదటి దశకంలో కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు లభించింది. పేరుకు రక్షణ దొరికింది, కర్రకు దొరకలేదు.

ఇక్కడ మన్యం అనుభవం మనకు దారి చూపుతుంది. బెజవాడ కొండల్లోని ఒక రాతికి తొలినాటి భూగర్భ శాస్త్రజ్ఞులు బెజవాడ నీస్ అని పేరుపెట్టారు. తరవాత దానికే ఖోండు గిరిజనుల పేరుమీద ఖోండలైట్ అన్న పేరు స్థిరపడింది. అరకు, చింతపల్లి బాక్సైటు ఆ రాతి మీదనే ఏర్పడింది. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది. గొప్ప తీర్పు. కాని సర్కారు సంస్థకు తలుపు తెరిచేవుంది. 2015లో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లు బాక్సైటు కోసం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్లిస్తూ ఉత్తర్వు వెలువడింది. గిరిజనుల ప్రతిఘటన వల్ల అది ఆగి, 2019లో రద్దయింది. సర్కారీ బోర్డు చూసి తృప్తిపడే అలవాటు మనలో కొందరికి వుంది. ఈ ఉదంతం వారి కళ్లు తెరిపించాలి.

కొండపల్లి షెడ్యూల్డు ప్రాంతం కాదు. సమత తీర్పు అక్కడికి వర్తించదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రధానంగా అడవిలో నివసించేవారిని ఉద్దేశించింది. కొండకింద ఊళ్లో వుండి అడవిమీద బతికే చేతిపనివాడు దానికి అందడు. చట్టాల నడుమ మిగిలిపోయిన ఈ ఖాళీలోనే పొణికి చెట్టు కూలుతున్నది.

కనుక మనం కోరవలసింది నినాదం కాదు, నిర్దిష్టమైన హక్కు. లీజు ఇవ్వకముందే ఆ కొండమీద ఏ చెట్లున్నాయో, వాటిమీద ఎవరు బతుకుతున్నారో లెక్క రాయాలి. ఆ లెక్క రాసేవారిలో బొమ్మలవారూ, పశువుల కాపరులూ వుండాలి. కాదనే అధికారం కూడా వారికి వుండాలి. పొణికి మళ్లీ నాటవచ్చు. లారీలకెక్కిన కొండను తిరిగి నిలబెట్టే విద్య ఏ ప్రభుత్వానికీ లేదు.