పరికల్పన పరీక్షలో తప్పుడు పాజిటివ్, తప్పుడు నెగెటివ్
లేని ప్రభావాన్ని ఉందనడం తప్పుడు పాజిటివ్; ఉన్నదాన్ని పట్టలేకపోవడం తప్పుడు నెగెటివ్. గణాంక శాస్త్రవేత్తలు జెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ 1933 నాటి పత్రంలో మొదటిదానికి హద్దు పెట్టి, రెండోదాన్ని వీలైనంత తగ్గించే పద్ధతి చూపారు. ఆ హద్దు 5 శాతమైతే, నిజమని తేలిన ఫలితాల్లోనూ 5 శాతమే తప్పులుంటాయనుకోవడం పెద్ద పొరపాటు. 1,000 పరికల్పనల్లో 100 మాత్రమే నిజమనుకుందాం. నిజమైనవాటిలో 80 శాతాన్ని పట్టగల పరీక్షకు 80 దొరుకుతాయి. మిగతా 900లో సగటున 45 కూడా నిజమైనవిగానే తేలతాయి. అంటే ఆ 125లో 36 శాతం ఉత్తవే. హద్దు ఇంకా బిగిస్తే సరిపోదా అంటే, నమూనా పెంచకుండా బిగిస్తే అసలైనవే చేజారతాయి. కాబట్టి ఏ తప్పు ఎక్కువ చేటో ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు, 2020లో కోవిడ్ లక్షణాలున్నవారికి ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా ఆర్టీపీసీఆర్ చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సూచించింది. జబ్బున్న మనిషిని లేదని పంపిస్తే ఇంటిల్లిపాదికీ ముప్పే.