మురమళ్ళ ట్రంకు పెట్టె: మనవాళ్ళు ఏ పుస్తకం ఎందుకు చదివారు?

ఈసారి స్టూడియో లేదు, వెనకాల లైట్లూ లేవు. మురమళ్ళలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యలో ఆటో హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి, రోడ్డు పక్క ఇల్లు మాది.

మురమళ్ళ అనగానే మీలో చాలామందికి వీరేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. రోజూ స్వామివారికి కల్యాణం జరిగే గుడి. సంబంధాలు కుదరనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ కల్యాణం చేయించుకుంటారు. ఇవాళ నేను చెప్పేది గుడి గురించి కాదు కానీ, పెళ్ళి మాట మాత్రం వస్తుంది.

నా ముందు ఒక ఇనప ట్రంకు పెట్టె ఉంది. మా తాతమ్మది, అంటే నాన్నగారి నాయనమ్మది. వచ్చే నెల ఈ పెంకుటిల్లు పడగొట్టి డాబా కడుతున్నారు. పెట్టెలో ఉన్న పుస్తకాలు ఏం చెయ్యాలన్నది ప్రశ్న. మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, తేల్చేశాడు. "ఒసే, ఆ చెదల పుస్తకాలు ఎవడు చదువుతాడే, పాత పేపర్లవాడికి తూకానికి ఇచ్చెయ్" అన్నాడు. ఇవ్వాలా వద్దా అని రెండు రోజులుగా ఒక్కొక్కటీ బయటికి తీసి చూస్తున్నాను. ఆ చూసిందే మీకు చెప్తాను.

మా తాతమ్మ 1926లో పుట్టింది. పదేళ్ళకి పెళ్ళి చేశారు, యానాంలో. ఎందుకు యానాంలో? శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చింది. పధ్నాలుగేళ్ళలోపు ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. అయితే అది బ్రిటిష్ ఇండియా చట్టం. గోదావరి అవతల ఒడ్డున ఉన్న యానాం ఫ్రెంచివాళ్ళది, అక్కడ చెల్లదు. ఇంకేం, మన జిల్లాలవాళ్ళు చిన్నపిల్లల్ని పడవ ఎక్కించి యానాం తీసుకెళ్ళి పెళ్ళిళ్ళు చేసి తెచ్చుకునేవారు. ఆ ఊరికి కళ్యాణపురం అని పేరు కూడా పడింది. బాలయోగి వారధి మీద బైక్ మీద ఇప్పుడు ఎంతసేపు? ఆరోజుల్లో ఆ నది దాటితే చట్టం మారిపోయేది.

మూడో తరగతితో బడి మానిపించారు. కానీ పెద్దబాలశిక్ష అప్పటికే చదివేసింది. అక్షరం వచ్చేసిన పిల్లని ఇంట్లో కూర్చోబెడితే ఏం చేస్తుంది? కనిపించిందల్లా చదువుతుంది. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేదట.

ఆవిడ పెట్టెలో పైన ఉన్నవి భాగవతం, వ్రతాల పుస్తకాలు. అవి చూపించడానికి. వాటి కింద అసలు సరుకు ఉంది. కొవ్వలి నవలలు!

ఈ పేరు మీలో ఎంతమంది విన్నారో. కొవ్వలి లక్ష్మీనరసింహారావు 1912లో తణుకులో పుట్టారు. వెయ్యి నవలలు రాసిన మనిషిగా పేరు. సన్నటి పుస్తకాలు, తక్కువ ధర, రైళ్ళలో, స్టేషన్లలో తెగ అమ్ముడయ్యేవి. పండితులు ముఖం చిట్లించేవారు, జనం మాత్రం విడిచిపెట్టలేదు. ఇందులో ఓ తమాషా ఉంది చూడండి. కోనసీమ లోపలికి ఇప్పటికీ రైలు రాలేదు. గోదావరి అవతలి కోటిపల్లి దాకా వేసిన రైలు పట్టాలు కూడా రెండో ప్రపంచ యుద్ధం కాలంలో పీకేశారు. అలాంటి చోటికి రైలు నవలలు వచ్చాయి. కాకినాడ, రాజమండ్రి వెళ్ళొచ్చిన మగవాళ్ళు దారిలో చదివి సంచిలో పడేసి తెచ్చేవారు. వాళ్ళకి టైంపాస్ అయిపోయాక అవి వంటింట్లోకి చేరేవి.

నా చిన్నప్పుడు ఓసారి అడిగాను, "తాతమ్మా, ఇవే ఎందుకు చదివేదానివి?" అని. ఆవిడ అన్నమాట నాకిప్పటికీ గుర్తు. "అమ్మడూ, వీటిల్లో ఆడపిల్లలు గడప దాటతారే" అంది. అంతే. శైలీ గొప్పా కాదు, పాత్రచిత్రణా కాదు. గడప.

దీనికి ఇంకో అరవై ఏళ్ళు వెనక్కి వెళ్దాం. తెలుగులో నవల అనేది మన గోదావరి ఒడ్డునే మొదలైందని చెప్పొచ్చు. కందుకూరి వీరేశలింగంగారు 'రాజశేఖర చరిత్రము' తన పత్రిక వివేకవర్ధనిలో 1878లో మొదలుపెట్టారు, 1880లో పుస్తకమైంది. కథ జరిగేది ధవళేశ్వరంలో. గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లిష్ నవల ఒకటి ఆయనకి దారి చూపించింది. అయినా జనం అందులో చూసింది ఇంగ్లండుని కాదు, తమ వీధినే. జ్యోతిష్కులు, రసవాదం పేరు చెప్పి మోసం చేసేవాళ్ళు, పొగడ్తలతో ఆస్తి తినేసే చుట్టాలు. అంతకుముందు పుస్తకం అంటే దేవుళ్ళూ రాజులూ. పక్కింటాయన అప్పుల్లో పడటం కూడా పుస్తకం అవుతుందని తెలిసింది అప్పుడే. అంటే నవల వైపు మొదట లాగింది మనల్ని మనం చూసుకోవాలనే కుతూహలమే.

నాటకం సంగతి వేరు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'గయోపాఖ్యానం' లక్ష కాపీలు పైన అమ్ముడైందని చెప్తారు. చదువుకున్నవాళ్ళే తక్కువగా ఉన్న రోజుల్లో లక్ష! ఎలా? ఆ పుస్తకం ఒంటరిగా చదువుకునేది కాదు. ఊరికో నాటక సమాజం, పాత్రకో కాపీ. ఒకడు కొంటే పదిమంది పద్యాలు బట్టీ పట్టేవారు. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం వస్తే ఎవరు గెలుస్తారు అన్నది లాగింది. మీ భాషలో చెప్పాలంటే ఇద్దరు స్టార్ హీరోలు ఎదురెదురుగా దిగితే థియేటర్ ఎలా ఉంటుందో అదన్నమాట.

ఆ చిలకమర్తిగారే 1914 ఏప్రిల్‌లో బెజవాడలో జరిగిన మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభకి అధ్యక్షులు. దాన్ని నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మన తూర్పు గోదావరి కొంకుదురులో పుట్టినవారే. ఊరూరా గ్రంథాలయం పెట్టాలని తిరిగారు. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి కాలవ మీద పల్లెలకి తిప్పారు. జనం పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే జనం దగ్గరికి వెళ్ళాలి అన్నది వాళ్ళ పట్టుదల.

కానీ గ్రంథాలయం ఊళ్ళో ఉన్నంత మాత్రాన అందరికీ ఉన్నట్టా? ఇక్కడ మా ఇంటి సంగతే చెప్పాలి. చెప్పడం నాకంత తేలిక కాదు.

తాతమ్మ గ్రంథాలయానికి వెళ్ళడానికి లేదు, కోడలు కాబట్టి. పుస్తకాలు తెచ్చిపెట్టేది మా పాలేరు కొడుకు, పన్నెండేళ్ళ కుర్రాడు. ఆ అబ్బాయి లోపలికి రావడానికి లేదు, కులం కాబట్టి. తెచ్చిన పుస్తకం ఈ అరుగు చివర, ఇదిగో ఇక్కడ, పెట్టి మెట్టు దిగి నిలబడేవాడట. ఆయన దిగాక తాతమ్మ వచ్చి తీసుకునేది. చేతికి చెయ్యి తగలకూడదు. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే.

కొన్నాళ్ళకి తాతమ్మ ఒకటి గమనించింది. ఇంకా తను తెరవని పుస్తకంలో మధ్యలో చిన్న తాటాకు ముక్క. మొదట ఊరికే పడిందనుకుంది. తర్వాతి పుస్తకంలోనూ ఉంది. కుర్రాడు దారిలో, గట్టు మీద కూర్చుని చదువుతున్నాడని, చదివినంత మేరకు గుర్తు పెట్టుకుంటున్నాడని అర్థమైంది. ఆ తర్వాత నుంచి తాతమ్మ పుస్తకాలు ఆలస్యంగా తిరిగిచ్చేది కాదట. పైగా తను చదవడం అయిపోయినా ఇంకా చదవలేదని చెప్పి "ఇంకో రెండ్రోజులు నీ దగ్గరే ఉంచి పట్రా" అనేదట. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇద్దరికీ దెబ్బలే.

పెట్టెలో బోయి భీమన్నగారి 'పాలేరు' నాటకం ఉంది. భీమన్నగారు మన కోనసీమవారే, 1911లో మామిడికుదురులో పుట్టారు. పాలేరుగా బతికే కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి కావడం దాని కథ. దాన్ని చూసి, చదివి, పొలాల్లో పనిచేసే ఎంతోమంది తమ పిల్లల్ని బడికి పంపారని గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. ఆ పుస్తకం ఒక పాలేరు ఉన్న ఇంట్లోకి ఎలా వచ్చింది? తాతమ్మ అడగలేదు. ఆ కుర్రాడే తనంతట తను తెచ్చి అరుగు మీద పెట్టాడు. అది గ్రంథాలయం పుస్తకం కాదు. ముద్ర లేదు, నేను చూశాను. ఎక్కడో డబ్బులిచ్చి కొన్నది.

ఇక్కడ కాస్త నిజాయితీగా ఉండాలి. మా తాతమ్మ మంచిది అని చెప్పుకుని సంతోషపడటం నాకు సులువే. కానీ ఆవిడ ఆ అబ్బాయిని ఒక్కసారి కూడా అరుగు మీద కూర్చోమనలేదు. ఆ మాటా ఆవిడే చెప్పింది. ఒకే పుస్తకాన్ని ఇద్దరు చదివారు. ఒకరికి అందులో గడప కనిపించింది, ఇంకొకరికి ఇంకేం కనిపించిందో మా ఇంట్లో అడిగినవాళ్ళు లేరు. ఆయన తర్వాత చదువుకుని టీచర్ అయ్యారు. ఇప్పుడు లేరు.

సరే, ముందుకెళ్దాం.

మా అమ్మ తరం వేరు. అమ్మకి గ్రంథాలయం కాదు, సెంటర్లో అద్దె పుస్తకాల బడ్డీ. రోజుకి పావలా. ఆలస్యమైతే ఇంకో పావలా, అందుకని అన్నం తింటూ కూడా చదివేసేవారు. అమ్మకి యద్దనపూడి సులోచనారాణి అంటే ప్రాణం. 'సెక్రటరీ' 1960లలో జ్యోతి పత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో సినిమా అయింది. హీరో పేరు రాజశేఖరం. గమనించారా? వీరేశలింగంగారి రాజశేఖరుడు ఉన్నదంతా పోగొట్టుకుంటాడు, యద్దనపూడి రాజశేఖరం కార్లో దిగుతాడు! ఈ రెండు పేర్ల మధ్య తెలుగువాళ్ళ ఎనభై ఏళ్ళ కలలు ఉన్నాయని నాకు సరదాగా అనిపిస్తుంది. ఆ హీరోల్ని చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. నేనూ నవ్వాను. కానీ జయంతి ఉద్యోగం చేసే అమ్మాయి, తన జీతం, తన అభిమానం. డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకున్న మా అమ్మ పదే పదే చదివింది కారు కోసం కాదనుకుంటాను.

నాన్నకి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. "హంతకుడు దొరికేస్తాడు, అదొక్కటే నాకు కావాలి" అనేవారు. కోర్టు వాయిదాల చుట్టూ తిరిగిన మనిషి కదా, నూట యాభై పేజీల్లో న్యాయం జరగడం ఆయనకి బాగా నచ్చేది.

ఇక యండమూరి వీరేంద్రనాథ్‌గారు. మన రాజోలులో పుట్టినవారు. 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో సంగతి అమ్మ చెప్పేది. చిన్నపిల్ల మీద చేతబడి కథ. రాత్రి చదవడానికి భయం, పొద్దున్న దాకా ఆగడానికి ఓపిక లేదు. ఒకరు గట్టిగా చదివితే మిగతావాళ్ళు దుప్పట్లో దూరి వినేవారు. వారం వారం ఆగడం, ఈలోగా ఏం జరుగుతుందో ఊహించుకుని వాదించుకోవడం. మీరు వెబ్ సిరీస్ ఎపిసోడ్ కోసం, ప్రతిలిపిలో తర్వాతి భాగం కోసం ఎదురుచూస్తారే, అచ్చం అదే. ఆ చేత్తోనే 'వెన్నెల్లో ఆడపిల్ల' రాశారు, తర్వాత 'విజయానికి ఐదు మెట్లు' రాశారు. ఒకే రచయిత భయం, ప్రేమ, వ్యక్తిత్వ వికాసం మూడూ అమ్మగలిగారంటే పాఠకుడిని మూడు పెట్టెల్లో సర్దడం మన పొరపాటే. 80లలో దెయ్యానికి భయపడ్డవాడే 90లలో ఉద్యోగం రాదేమో అని భయపడ్డాడు. భయం మారింది, పుస్తకం మారింది.

మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. "నేను లవ్ స్టోరీలు తప్ప ఏం చదవను పిన్నీ, తప్పా?" అంది నిన్న. ఏం తప్పు? తాతమ్మ కథ చెప్పాను. అంతా విని "అయితే నాకా కొవ్వలి ఒకటి ఇవ్వు" అంది. ఇచ్చాను. అక్షరాలు పాతగా ఉన్నాయని గొణుక్కుంటూనే అరగంటలో సగం అవగొట్టింది.

1996 నవంబర్ 6 తుఫాను మా పెద్దవాళ్ళు మర్చిపోరు. కోనసీమలో, ఆ చుట్టుపక్కల సుమారు వెయ్యి మంది పోయారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పెంకులు ఎగిరిపోయాయి, కొబ్బరిచెట్లు వరసగా నేలకొరిగాయి. అల్మారాలో ఉన్న అమ్మ నవలలన్నీ తడిసి ముద్దయ్యాయి. తెల్లారాక చుట్టూ అంత నష్టం కనిపిస్తుంటే పుస్తకాల కోసం ఏడవడానికి అమ్మకి సిగ్గేసిందట. ఇనప పెట్టెలో ఉండబట్టి తాతమ్మవి మిగిలాయి. అడుగున ఉన్న కొన్ని మాత్రం అంటుకుపోయాయి.

ఆ అంటుకున్నవాటిని నిన్న బ్లేడుతో మెల్లగా విడదీస్తుంటే ఒకదాంట్లోంచి తాటాకు ముక్క పడింది. వేలి పొడవు, గోధుమ రంగు. ఇదిగో, కెమెరా దగ్గరికి పెడుతున్నాను. కనిపిస్తోందా?

ఆ టీచర్ గారి మనవరాలు అమలాపురంలో ఉంటున్నారు. నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా తాతయ్య ఆ ఇంటి గురించి ఎప్పుడూ చెప్పేవారు కాదండీ" అన్నారు. 'పాలేరు' పుస్తకం మీకు ఇవ్వాలనుకుంటున్నానంటే, "అది మావాళ్ళు కొన్నదే కదండీ, తీసుకుంటాను" అన్నారు. నేను తెచ్చివ్వనా, మీరు వస్తారా అని అడిగితే, తనే వస్తానన్నారు. ఆదివారం.

అన్నయ్యకి చెప్పాను, తూకానికి ఇవ్వడం లేదని. మిగతావి మా అక్క కూతురి గదిలోకి వెళ్తున్నాయి. ఇల్లు మాత్రం అనుకున్న రోజుకే పడగొడతారు, అరుగుతో సహా. ఆదివారం ఆవిడ వచ్చేసరికి ఇంకా ఉంటుంది. రెండు కుర్చీలు వేద్దామా అనుకున్నాను. వద్దు, అరుగు మీదే కూర్చుంటాం.

వచ్చే ఎపిసోడ్‌లో చందమామ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.